మాల్టా, క్రీట్, సిసిలీ: వారం సెలవుకి ఏ ద్వీపం?

మధ్యధరా సముద్రంలో ఏదో ఒక ద్వీపానికి వెళ్దామని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే అసలు తలనొప్పి మొదలవుతుంది. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి: నీలం నీళ్ళు, రాతి గోడలు, ఆలివ్ చెట్లు. ఎక్కువమంది చివరికి టికెట్ చవగ్గా దొరికిన చోటికి వెళ్ళిపోతారు. అక్కడికెళ్ళాక తెలుస్తుంది, చూడాలనుకున్నవి ఉన్నది ద్వీపం అటు చివర అని.

అందుకే ఫొటోలు పక్కన పెట్టి ముందు సైజు చూడమంటాను. మాల్టా దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. విస్తరణకి ముందున్న జీహెచ్ఎంసీలో సగం. క్రీట్ 8,336 చదరపు కిలోమీటర్లు, దాదాపు ఉమ్మడి కృష్ణా జిల్లా అంత. కాకపోతే తూర్పు నుంచి పడమరకి 260 కిలోమీటర్ల పొడుగున సాగి, మధ్యలో కొండలు అడ్డంగా ఉంటాయి. సిసిలీ 25 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, మధ్యధరాలో అన్నిటికన్నా పెద్ద ద్వీపం. ఉమ్మడి అనంతపురం జిల్లా కూడా దానికన్నా చిన్నదే. మూడింటికీ అదే వారం రోజులు కేటాయిస్తే ఒకచోట తీరిగ్గా తిరుగుతారు, ఇంకోచోట బస్సుల్లోనే సగం సెలవు గడిచిపోతుంది.

గ్రీసులోని శాంటోరిని ద్వీపం ఎందుకు లేదని అడుగుతారేమో. సూర్యాస్తమయం, ఫొటోలు అయిపోయాక రెండు రోజులకు మించి అక్కడ చేసేదేమీ లేదని నా అభిప్రాయం. కావాలంటే వేసవిలో క్రీట్‌లోని హెరాక్లియన్ రేవు నుంచి ఫాస్ట్ బోటులో సుమారు రెండు గంటల్లో చేరొచ్చు.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న కారు. మీలో ఎవరైనా అక్కడ నడుపుతారా? మాల్టాలో మనలాగే ఎడమవైపు నడపాలి, బ్రిటిష్ వాళ్ళు వదిలిపోయిన అలవాటు. క్రీట్, సిసిలీల్లో కుడివైపు. నడిపేవాళ్ళు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని బయల్దేరాలి.

రెండోది, ఎవరెవరు వస్తున్నారు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడం వేరు, స్నేహితులు నలుగురు వెళ్ళడం వేరు. మెట్లు, ఎండ, మోకాళ్ళు అనే మూడూ ప్లాన్‌ని మార్చేస్తాయి.

మూడోది నెల. నాలుగోది, చాలామంది మొహమాటపడి బయటికి చెప్పనిది: ఈత వచ్చా? ఈత రానివాళ్ళకి లోతైన నీళ్ళున్న రాతి తీరం ఎంత అందంగా ఉన్నా గట్టున కూర్చుని చూడటానికే. ఇక తిండి సంగతి, ముఖ్యంగా శాకాహారులకి.

వీసా సంగతి ఈ లెక్కలో అక్కర్లేదు. మాల్టా విడి దేశం, క్రీట్ గ్రీసుది, సిసిలీ ఇటలీది, మూడూ షెంగెన్‌లోవే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోవే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశం వీసాకి అప్లై చేయాలి. బ్రిటన్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు షెంగెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే.

| | మాల్టా | క్రీట్ | సిసిలీ |
|---|---|---|---|
| కారు లేకుండా | హాయిగా కుదురుతుంది | ఉత్తర తీరం వరకు సరే | రెండు ఊళ్ళలో మకాం పెడితే సరే |
| సరిపోయే రోజులు | 4–5 | 7–9 | 8–10 |
| పాత కట్టడాలు | చిన్న చోట చాలా | మినోవన్ నాగరికత | గ్రీకు, రోమన్, అరబ్, నార్మన్ |
| ఇసుక బీచ్‌లు | తక్కువ, రాతి తీరం ఎక్కువ | అన్నిటికన్నా బాగుంటాయి | బాగుంటాయి, దూరదూరంగా |
| కొండలు, నడక | చిన్న నడకలు | సమరియా లోయ | ఎట్నా అగ్నిపర్వతం |
| శాకాహారం | ఇండియన్ రెస్టారెంట్లున్నాయి | స్థానిక వంటల్లోనే బోలెడు | వంకాయ ఇష్టమైతే పండగే |
| చలికాలం | తెరిచే ఉంటుంది | తీరప్రాంతాలు చాలావరకు మూత | నగరాలు మామూలుగా నడుస్తాయి |

మాల్టా: తక్కువ రోజులు, కారు లేదు, ఇంగ్లిష్ చాలు

ఇంగ్లిష్ ఇక్కడ అధికార భాష. బస్సు ద్వీపమంతా తిరుగుతుంది, రాజధాని వలెట్టాని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేయొచ్చు. 1565లో ఒట్టోమన్ సైన్యం ముట్టడిని తట్టుకున్నాక, సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం వాళ్ళు మరుసటి ఏడే ఈ ఊరికి పునాది వేశారు. కోటగోడ మీదున్న అప్పర్ బరాక్కా తోట నుంచి రేవు మొత్తం కనిపిస్తుంది, మధ్యాహ్నం 12కి కింద ఫిరంగి పేలుస్తారు.

ఊళ్ళో ఒక్కటే చూసే టైముంటే సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చి చూడండి. బయట నుంచి చూస్తే ఇందులో ఏముంటుందిలే అనిపిస్తుంది. లోపల గోడలన్నీ బంగారు పూత, కింద నేలంతా రంగురాళ్ళు పొదిగిన సమాధి ఫలకాలు, సుమారు 400. ఒక్కో నైటుకి ఒక్కో రాయి, వాటి మీద అస్థిపంజరాలు, కొడవళ్ళు, ఇసుక గడియారాలు. పక్క గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, సెయింట్ జాన్ తల నరికే దృశ్యం. కింద నేల మీద పారుతున్న రక్తం దగ్గరికి చూపు దించండి. ఆ ఎర్ర రంగుతోనే చిత్రకారుడు తన పేరు రాశాడు. ఆయన సంతకం పెట్టిన చిత్రం ఇదొక్కటే. గుంపు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతుంటుంది, ఆ సంతకాన్ని చూసేవాళ్ళు తక్కువ.

హజర్ ఈమ్, ఇమ్నైద్రా, మాల్టాకే చెందిన గోజో ద్వీపంలోని జిగాంతియా రాతి గుళ్ళు ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. వీటికి ముందస్తు హడావిడి అక్కర్లేదు. హైపోజియం మాత్రం వేరు. రాతిని తొలిచి మూడు అంతస్తులుగా కట్టిన ఈ భూగర్భ శ్మశానం 1902లో ఇళ్ళు కడుతున్న కూలీలకి బయటపడింది. లోపలి గాలి, తేమ చెడిపోకుండా ఒక్కో విడతకి పదిమంది చొప్పున రోజుకి 80 మందినే పంపుతారు. విమానం టికెట్ కన్నా ముందు దీని టికెట్ కొనాలి అంటే నవ్వుతారు గానీ నిజమే, నెలల ముందే అయిపోతాయి.

గోజోకి చెర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే డబ్బు కట్టించుకుంటారు. పాత బ్లాగుల్లో గోజోలోని అజూర్ విండో రాతి తోరణం ఫొటోలు ఇంకా కనిపిస్తుంటాయి. అది 2017 మార్చిలో తుఫానుకి సముద్రంలో కూలిపోయింది, దానికోసం వెళ్ళకండి.

ఇక కొమీనో అనే చిన్న ద్వీపంలోని బ్లూ లగూన్. నీళ్ళు ఫొటోలో ఉన్నంత నీలంగానే ఉంటాయి, ఆ మాటలో అబద్ధం లేదు. జులైలో ఆ నీళ్ళకీ మీకూ మధ్య కొన్ని వేలమంది ఉంటారు. కూర్చోవడానికి నీడ ఉండదు, రాళ్ళు కాలుతుంటాయి. రద్దీ తట్టుకోలేక 2025లో ముందస్తు బుకింగ్ పెట్టారు. మే మొదట్లోనో అక్టోబర్లోనో వెళ్ళేవాళ్ళకి తప్ప నేను చెప్పను. ఈత రానివాళ్ళకీ పిల్లలకీ మెల్లీహా దగ్గరున్న ఘదీరా బీచ్ నయం. ఇసుక, చాలా దూరం వరకు మోకాలి లోతు నీళ్ళు, పక్కనే బస్టాపు.

మాల్టాకి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఎటు చూసినా క్రేన్లు, కొత్త అపార్ట్‌మెంట్లు, ట్రాఫిక్. పచ్చదనం వెతుక్కోవాలి. ప్రశాంతత కోసం వెళ్ళేవాళ్ళు గోజోలో రెండు రాత్రులు పడుకోవాలి, లేదంటే సాయంత్రం టూరు బస్సులు వెళ్ళిపోయాక ఎండీనా కోటలోకి వెళ్ళాలి. అమ్మానాన్నలతో వెళ్తే ఇంకో మాట. వలెట్టా వీధులు మెట్లు మెట్లుగా నిటారుగా దిగుతాయి, రేవు వైపు నుంచి ఎక్కడానికి బరాక్కా లిఫ్ట్ ఉంది, వాడుకోండి.

క్రీట్: సముద్రమూ కావాలి, కొండా కావాలి

కారు నడిపేవాళ్ళుంటే మూడింట్లో నేను ముందు చెప్పేది క్రీట్. కారు లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. ఉత్తర తీరం వెంబడి హెరాక్లియన్, రెతిమ్నో, హనియా మధ్య బస్సులు బాగా నడుస్తాయి. మంచి బీచ్‌లు, ఊళ్ళు మాత్రం దక్షిణాన, పడమరన ఉన్నాయి. అక్కడికి రోజుకి ఒకటీ అరా బస్సు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు హెరాక్లియన్‌లో దిగి వారమంతా అక్కడే రూమ్ తీసుకుంటారు. హనియా ఇక్కడికి 140 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర నుంచి మూడు గంటలు. రోజూ పోయి రాలేరు. రెండు ఊళ్ళలోనూ విమానాశ్రయాలున్నాయి కాబట్టి ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కండి. హెరాక్లియన్‌లో రెండు రాత్రులు, మిగతావన్నీ హనియాలో.

హెరాక్లియన్‌లో క్నోసోస్ ఉంది, క్రీట్‌లో వేల ఏళ్ళ కింద వెలసిన మినోవన్ నాగరికత నాటి రాజభవనం. ఆర్థర్ ఈవాన్స్ 1900లో తవ్వకాలు మొదలుపెట్టి, బయటపడినదాన్ని కాంక్రీటుతో మళ్ళీ కట్టించి రంగులు వేయించాడు. ఎర్ర స్తంభాలు కింద సన్నగా, పైన లావుగా ఉంటాయి. అందులో ఏది మూడున్నర వేల ఏళ్ళనాటిది, ఏది ఇరవయ్యో శతాబ్దపు ఊహ అని పురావస్తువాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నాకైతే రంగు స్తంభాల కన్నా మట్టి కాగుల వరసే ఎక్కువ నచ్చింది. మనిషెత్తు ఉంటాయి, నూనె, ధాన్యం నిలవ చేసుకున్నవి. తాడు చుట్టినట్టు పైన మట్టితోనే నగిషీ. ముందు ఊళ్ళోని మ్యూజియం చూసి తర్వాత క్నోసోస్‌కి వెళ్ళండి. ఎద్దు మీదుగా పిల్లిమొగ్గ వేస్తున్న కుర్రాడి అసలు చిత్రం, ఇంతవరకు ఎవరూ చదవలేకపోయిన ఫైస్టోస్ మట్టి బిళ్ళ, అన్నీ మ్యూజియంలోనే ఉన్నాయి. క్నోసోస్‌లో గోడల మీద ఉన్నవి నకళ్ళు.

పడమటి వైపు సమరియా లోయ. కొండ మీద 1,200 మీటర్ల ఎత్తులో మొదలై 16 కిలోమీటర్లు దిగి సముద్రం దగ్గర ఆగుతుంది. మే నుంచి అక్టోబర్ వరకే తెరుస్తారు, వాన ముప్పుంటే ఆ రోజుకి మూసేస్తారు. దిగడమే కదా, తేలిక అనుకుంటారు. మొదటి రెండు మూడు కిలోమీటర్లు రాళ్ళ మెట్లమీద ఆపకుండా దిగడమే, అక్కడే మోకాళ్ళ పని అయిపోతుంది. ఆ తర్వాత 1962లో నేషనల్ పార్క్ కోసం ఖాళీ చేయించిన సమరియా ఊరు వస్తుంది, దాని తర్వాత రెండువైపులా నిటారు బండలు దగ్గరకి జరుగుతూ వచ్చి, ఒకచోట దారి నాలుగు మీటర్లే మిగులుతుంది. మొత్తం ఐదు నుంచి ఏడు గంటలు. చివర్లో అయా రూమెలి అనే ఊరు. దానికి రోడ్డు లేదు. బోటెక్కి ఇంకో ఊరికి వెళ్ళి అక్కడ బస్సు పట్టుకోవాలి. కారు పైన గేటు దగ్గర పెట్టి దిగితే దాని దగ్గరికి చేరడానికి నానా అవస్థ పడాలి, కాబట్టి ఆ రోజు ఒక్కటీ కారు వదిలేసి హనియా నుంచి బస్సులో వెళ్ళండి. చెప్పులతో వద్దు, స్పోర్ట్స్ షూస్ కూడా పట్టున్నవే.

నడక వద్దనుకునేవాళ్ళకి ఎలాఫొనీసి. హనియా నుంచి కారులో గంటన్నర, కొండ ఊళ్ళ మీదుగా. గవ్వల పొడి కలిసి ఇసుక అక్కడక్కడ గులాబీ రంగులో ఉంటుంది. నీళ్ళు మోకాలి లోతే, ఎదుటి లంకకి నడిచి వెళ్ళిపోవచ్చు, ఈత రానివాళ్ళకి ఇంతకన్నా మంచి బీచ్ ఈ మూడు ద్వీపాల్లో నాకు తెలీదు. ఇసుక సీసాలో పోసుకుని తేవడం నిషేధం. బాలోస్ ఇంకా అందంగా ఉంటుంది గానీ, దారి మట్టిరోడ్డు. అలాంటి రోడ్డు మీద దెబ్బతింటే అద్దె కార్ల ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు. కిస్సమోస్ రేవు నుంచి బోటులో వెళ్ళడమే మంచిది.

తిండి విషయంలో శాకాహారులకి క్రీట్ సులువు. ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఏడాదిలో ఉపవాసాలు చాలా ఉంటాయి, ఆ రోజుల వంటలు మెనూలో ఎప్పుడూ ఉంటాయి: బియ్యం కూరిన టమాటాలు, మిరపకాయలు, పప్పు ముద్దలాంటి ఫావా, ఉడికించిన ఆకుకూరలు. ఉపవాసం వంట కాకపోయినా, బార్లీ రస్కు మీద టమాటా తురుము, జున్ను వేసిన డాకోస్ కూడా శాకాహారమే. "నిస్తీసిమో" అని అడిగితే ఉపవాసం వంటకం ఇస్తారు. కాకపోతే వాళ్ళ ఉపవాసంలో ఆక్టోపస్, రొయ్యలు తినొచ్చు. అవి కూడా వద్దని విడిగా చెప్పండి.

సిసిలీ: తిండి, చరిత్ర, కాస్త ఓపిక

పలెర్మోలో రోజర్ 2 కట్టించిన పలాటిన్ చాపెల్‌లోకి వెళ్ళి తల పైకెత్తితే అరబ్ వడ్రంగం చెక్క కప్పు, గోడల మీద బైజాంటైన్ మొజాయిక్‌లు, నిర్మించినవాడు నార్మన్ రాజు. సిసిలీ అంతా ఇంతే, ఎవరు వచ్చినా ముందున్నవాళ్ళని పూర్తిగా తుడిచేయలేదు. అగ్రిజెంటోలో కాంకార్డియా గుడి క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దానిది, తర్వాత చర్చిగా మారడం వల్లే స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. సిరక్యూజ్ ఆర్కిమిడీస్ ఊరు. నోటో, రగూసా, మోదికా 1693 భూకంపంలో నేలమట్టమై, మళ్ళీ ఒకే శైలిలో లేచిన ఊళ్ళు.

ఎట్నా ఎత్తు 3,300 మీటర్ల పైచిలుకు. అగ్నిపర్వతం ఇప్పటికీ బతికే ఉంది, 2025 జూన్ 2న బూడిద మేఘం లేచినప్పుడు కొండ మీదున్న టూరిస్టులు పరుగులు తీశారు. పైకి ఎంతవరకు వెళ్ళనిస్తారన్నది ఆ రోజు దాని మూడ్ బట్టి ఉంటుంది. శిఖరం వైపు గైడ్ లేకుండా వెళ్ళనివ్వరు. 1,900 మీటర్ల దగ్గర రోడ్డు ఆగుతుంది, అక్కడి నుంచి 2,500 వరకు కేబుల్ కార్. పెద్దవాళ్ళకి పైకి వెళ్ళే ఓపిక లేకపోతే పార్కింగ్ పక్కనే 1892లో పుట్టిన సిల్వెస్త్రీ బిలాల చుట్టూ తిరిగితే చాలు, నల్ల బూడిద నేల, కింద సముద్రం అన్నీ కనిపిస్తాయి. జులైలో కూడా జాకెట్ పట్టుకెళ్ళండి.

కారు లేనివాళ్ళు ద్వీపం చుట్టూ తిరిగే ఆశ వదిలేసి, తూర్పున కతానియా, పడమరన పలెర్మో అని రెండు మకాములు పెట్టుకోవాలి. కతానియా నుంచి సిరక్యూజ్‌కి, తావొర్మీనాకి రైళ్ళు, ఎట్నాకి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే బస్సు ఉన్నాయి. పలెర్మో నుంచి అగ్రిజెంటో రైల్లో రెండు గంటలు. కారు ఉన్నవాళ్ళకి ఒకటే టెన్షన్, పాత ఊళ్ళ మధ్య జెడ్‌టీఎల్ అని బోర్డు ఉన్న, బయటి కార్లు రాకూడని వీధులు. పొరపాటున దూరితే కెమెరా ఫొటో తీసేస్తుంది, జరిమానా నోటీసు నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా ఇంటికి వస్తుంది.

పలెర్మోలో బల్లరో మార్కెట్ దగ్గర పనెల్లె తినకుండా రావొద్దు. శనగపిండిని నీళ్ళలో ఉడికించి, పలచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయించి బ్రెడ్డు మధ్య పెట్టిస్తారు. నిమ్మకాయ పిండుకుంటే మన బజ్జీకి దూరపు చుట్టంలా ఉంటుంది. వంకాయ, టమాటా పాస్తా, పులుపు తీపి కలిసిన వంకాయ కపొనాతా ఎక్కడైనా దొరుకుతాయి. అరంచీని అనే బియ్యం ఉండలతో మాత్రం జాగ్రత్త. మామూలుది మాంసం కూర పెట్టి చేస్తారు. వెన్న అని రాసి ఉన్నదాన్ని చూసి శాకాహారమనుకుంటాం, అందులో హామ్ ఉంటుంది.

మీ ఇంటికి ఏది?

అమ్మానాన్నలు, చిన్న పిల్లలు, నాలుగైదు రోజులు, కారు లేదు: మాల్టా. మోకాళ్ళు బాగా నొప్పులుంటే వలెట్టాలో కాకుండా స్లీమా తీరం వెంబడి రూమ్ తీసుకోండి, అక్కడ నేల చదునుగా ఉంటుంది, వలెట్టాకి ఫెర్రీలో పది నిమిషాల లోపే.

స్నేహితులు, నడక, బీచ్, ఒకళ్ళు డ్రైవింగ్: క్రీట్. పిల్లలు ఎనిమిది, పదేళ్ళు దాటినవాళ్ళయితే కుటుంబానికి కూడా ఇదే. ఎలాఫొనీసిలో రోజంతా ఆడుకుంటారు.

యూరప్ ఇంతకుముందే చూసినవాళ్ళు, గుళ్ళూ మ్యూజియాలూ అంటే విసుగు లేనివాళ్ళు, పది రోజులు దొరికేవాళ్ళు: సిసిలీ. నన్నడిగితే మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపించేది ఇదే. అయినా మొదటి విదేశీ ప్రయాణానికి వచ్చిన పెద్దవాళ్ళని ఎండాకాలంలో ఇక్కడికి తీసుకెళ్ళమని చెప్పను. యూరప్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 48.8 డిగ్రీలు, 2021 ఆగస్టు 11న, సిరక్యూజ్ పక్కనే. హైదరాబాద్ మే నెలని తప్పించుకుని అక్కడికెళ్ళి ఎండలో పడటం దేనికి?

రెండు ద్వీపాలు కలిపి చూడాలని మనసు లాగేవాళ్ళకి ఒకటే దారి చెప్తాను. సిసిలీ దక్షిణ తీరంలోని పొత్సాల్లో నుంచి వలెట్టాకి ఫాస్ట్ ఫెర్రీలో గంటా నలభై ఐదు నిమిషాలు. సిసిలీ తూర్పు వైపు ఐదు రోజులు, మాల్టా మూడు రోజులు బాగా కుదురుతుంది. క్రీట్‌తో ఏదీ కలపొద్దు, విమానాలు మారడానికే రోజు పోతుంది.

ఏ నెల, ఏది ముందు బుక్ చేయాలి

మే, జూన్ మొదటి సగం, మళ్ళీ సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్య వరకు. నీళ్ళలో దిగాలనుకునేవాళ్ళకి మే కన్నా సెప్టెంబర్ మేలు, వేసవంతా కాగిన సముద్రం అప్పుడు వెచ్చగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో క్రీట్ ఉత్తర తీరానికి మెల్టెమి గాలి తగులుతుంది, అలలు పెద్దవవుతాయి, ఆ రోజుల్లో దక్షిణ తీరానికి వెళ్ళండి. నవంబర్ నుంచి మార్చి దాకా క్రీట్ బీచ్ ఊళ్ళలో హోటళ్ళు మూసి ఉంటాయి. డిసెంబర్ సెలవులే దొరికాయంటే మాల్టా, లేదా పలెర్మో.

ఆగస్టు 15 సెలవుతో ముందూ వెనకా నాలుగు రోజులు కలిపి టికెట్లు కొందామని మనవాళ్ళకి బాగా అలవాటు. అదే రోజు ఈ మూడు చోట్లా మేరీమాత పండగ. స్థానికులు కూడా బీచ్‌ల మీదే ఉంటారు, గదుల ధరలు ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ, ఇటలీలో చిన్న దుకాణాలు సగం మూత. ఆ వారం తప్ప వేరే దారి లేకపోతే గది మార్చిలోనే పట్టేయండి. మాల్టాకైతే ముందు హైపోజియం, తర్వాత విమానం. క్రీట్‌కి ముందు కారు, ఆటోమేటిక్ గేరు బండ్లు తక్కువ ఉంటాయి. సిసిలీకి గదులు ముందు. ఎట్నా గైడ్‌ని మాత్రం తేదీ దగ్గరపడ్డాకే, వాన సంగతి, కొండ సంగతి చూసుకుని, డబ్బు వాపస్ ఇస్తామన్న చోటే బుక్ చేసుకోండి.